వీడ్కోలు సీను దగ్గర కాస్త నెమ్మది

"బొమ్మలేమైనా పరుగుపందెం పెట్టుకున్నాయా?"

ప్రొజెక్టర్ క్యాబిన్ తలుపు ధడాలున తెరుచుకుంది. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో వయొలిన్, ఇంకో చేతిలో కమాను. ఆ కమానుని పట్టుకున్న తీరు చూస్తే వాయించడానికి తెచ్చినట్టు లేదు.

అతను అయిపోయిన రీలు వెనక్కి చుడుతున్నాడు. తలెత్తాడు. నోరు తెరిచాడు. 

"మిమ్మల్నేనండీ! నేను ప్రాణం పెట్టి వాయిస్తుంటే కింద జనం పడీ పడీ నవ్వుతున్నారు. వీడ్కోలు సీనుకి నవ్వుతారా ఎవరైనా? పాపం ఆ పిల్ల కన్నీళ్ళు పెట్టుకుని నిలబడాల్సింది పోయి, చీమ కుట్టినట్టు గెంతుతోంది."

"మామూలు స్పీడేనండీ..."

"మామూలు సినిమాకి మామూలు స్పీడు. ఇది చేత్తో తిప్పి తీసిన మూగ సినిమా. నెమ్మదిగా వెయ్యాలి. మీ మామయ్యగారు చెప్పలేదా?"

చెప్పే ఉంటాడు. ఆ హాలుకి అసలు ఆపరేటర్ మేనమామే. ఆ రోజు జ్వరంతో మూలుగుతూ, "ఒరేయ్, ఈ ఒక్కపూట నువ్వెళ్ళి వేసిరా, పక్కనున్న రెగ్యులేటర్ మాత్రం..." అంటూ దగ్గులో పడ్డాడు. మిగతా మాట దగ్గులోనే పోయింది. మేనల్లుడు రేడియోలు, మిక్సీలు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. మెషీన్ ఏదైనా మెషీనేగా అనుకుని వచ్చేశాడు.

"రెగ్యులేటర్ ఇదేననుకుంటా," అని మెషీన్ పక్కనున్న నల్లటి గుండ్రటి బిళ్ళని చూపించాడు.

"తిప్పండి మరి. మీ మొహం కాదు, బిళ్ళ!"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. గిర్రున తిరిగి మెట్లు దిగిపోయింది. కానీ రెండో రీలు నెమ్మదిగా నడుస్తున్నప్పుడు, కింద తెర పక్కన కూర్చున్న ఆమె తల ఒక్కసారి పైకి, క్యాబిన్ కిటికీ వైపుకి తిరిగింది. ఆ చీకట్లో ఆమె ఎవరిని చూసిందో అతనికి తెలుసు. అక్కడ అతను తప్ప ఇంకెవరూ లేరు.

*

గ్రంథాలయం పై అంతస్తులోని చిన్న హాలు అది. నెలలో చివరి ఆదివారం మధ్యాహ్నం అక్కడ పాత సినిమాలు వేసేవారు. ఏ సినిమా వేసినా వెనక బెంచీలు ఖాళీగానే ఉండేవి, ఒక్కదానికి తప్ప. దాని అసలు పేరు ఎవరికీ తెలియదు. పేరున్న ముక్క ఎప్పుడో పోయింది. అందులో ఆకాశనౌక బోర్లించిన గంగాళంలా ఉంటుంది కాబట్టి, అందరూ గంగాళం సినిమా అనేవారు.

కథ ఇంతే. ఒక అమ్మాయి దూరపు నక్షత్రానికి వెళ్ళే నౌకని తయారు చేస్తుంది. అందులో ఒక్కరికే చోటు. ఆమె ప్రేమించినవాడు నేను వెళ్తానంటాడు. నిచ్చెన దగ్గర ఇద్దరూ నిలబడతారు. ఆమె పెదవులు కదులుతాయి. అతను నౌకలోకి దిగి మూత వేసుకుంటాడు. గంగాళం పైకి లేస్తుంది, హాలంతా చప్పట్లు కొడుతుంది. అక్కడితో మొదటి రీలు అయిపోతుంది. రెండో రీలు చివర అతను నక్షత్రం మీద ఒంటరిగా నిలబడి, పొడుగాటి గొట్టంలోంచి భూమిని చూస్తుంటాడు. తిరిగొచ్చాడో లేదో సినిమా చెప్పదు.

మూగ సినిమాల్లో మాటల్ని అట్టల మీద రాసి, బొమ్మకీ బొమ్మకీ మధ్య చూపించేవారు. నిచ్చెన దగ్గర ఆమె అన్న మాట రాసిన అట్ట మాత్రం ఆ ప్రతిలో లేదు.

అందులోని నక్షత్రాలు దూదివి. నౌకని లాగే దారం మొదటి వరసలోని పిల్లలకి కూడా కనిపిస్తుంది. అయినా అది వేసిన ఆదివారం హాలు నిండిపోయేది.

కొన్నేళ్ళుగా ఆ సినిమాకి వయొలిన్ వాయించింది ఆమె తండ్రి. అందరూ మాస్టారు అనేవారు. ఆయన వేళ్ళు వణకడం మొదలయ్యాక కమాను కూతురి చేతికి ఇచ్చారు. అంటే ఆ రోజు కిందా పైనా ఇద్దరికీ అదే మొదటి ప్రదర్శన. ఇద్దరూ కలిసి జనాన్ని నవ్వించారు.

మేనమామ జ్వరం తగ్గి లేచాడు గానీ క్యాబిన్ మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. "నువ్వే చూసుకోరా," అని కుర్చీ వేసుకుని మూల కూర్చునేవాడు. షో ముందు మాత్రం తనే మెషీన్‌కి దణ్ణం పెట్టుకునేవాడు. "దేవుడా, ఫిలిం తెగకుండా చూడు. తెగితే జనం తిట్టకుండా చూడు."

ప్రతి గంగాళం సినిమాకీ ముందురోజు రిహార్సల్ ఉండేది. ఆమె క్యాబిన్ పక్కనే స్టూలు వేసుకుని వాయించేది. అతను ఆమె కమాను చూస్తూ రెగ్యులేటర్ తిప్పేవాడు.

"మామయ్యగారూ, మీ మేనల్లుడికి మాటలు వచ్చా?"

"వచ్చమ్మా. ఏడాదికో రెండు. దాచుకుని వాడతాడు."

"ఈ సినిమాకి తగ్గ ఆపరేటరే దొరికాడు. ఇవాళ్టి నుంచి ఇతని పేరు మూకీ."

మేనమామ పకపకా నవ్వి, ఆమె కిందికి వెళ్ళగానే మేనల్లుడి మోకాలు మీద చరిచాడు. "ఒరేయ్ మూకీ! ఆ పిల్ల నన్ను మామయ్యగారూ అంటోంది. విన్నావా? ఊరికే అనరు ఆడపిల్లలు ఆ మాట."

"అందరూ అంటారు మామయ్యా."

"అందరూ అన్నప్పుడు నీ చెవులు ఎర్రబడలేదే!"

ఆయన ఆమెకీ ఒక పేరు పెట్టాడు. ఫిడేలు. కొన్నాళ్ళకి ఆ ఇద్దరి అసలు పేర్లు ఆ హాల్లో ఎవరికీ గుర్తు లేకుండా పోయాయి.

ఒకసారి వాన పడుతుంటే ముగ్గురూ క్యాబిన్లో చిక్కుకుపోయారు. రేకుల మీద చినుకులు టపటపా కొడుతున్నాయి.

"నాకో సంగతి అర్థం కాదు మామయ్యగారూ," అంది ఫిడేలు. "దారం కనిపిస్తుంది. దూది కనిపిస్తుంది. ఇప్పటి పిల్లలు ఇంతకు పదింతలు చూసేశారు. మరి దీనికెందుకింత జనం?"

"మాట లేదు కదమ్మా. ఎవరి మాట వాళ్ళు పెట్టుకుంటారు. మూడో వరసలో కూర్చునే పెద్దావిడ ఉందే, ఆవిడనడుగు. నిచ్చెన దగ్గర ఆ పిల్ల 'అన్నం తిని వెళ్ళు' అందంటుంది. ఆవిడ కొడుకు మిలట్రీలో ఉన్నాడు. కింద లైబ్రరీ గుమాస్తా ఏమో 'ఎలాగూ వెళ్తున్నావు, కిటికీ మూసి వెళ్ళు' అందంటాడు."

"మీరేమనుకుంటారు?"

"మీ అత్తయ్య పోయేముందు ఏదో అనబోయిందమ్మా. నాకు వినపడలేదు. ఈ పిల్ల పెదవులు కదిలినప్పుడల్లా అదే అనుకుంటాను."

 రేకుల మీద వాన ఆపకుండా మాట్లాడింది.

తర్వాత ఆమె అతని వైపు తిరిగింది. "మరి మూకీగారేమనుకుంటారు?"

"ఏమోనండీ."

"ఇంకోసారి నన్ను అండీ అంటే వయొలిన్ తీగ తెంపి చేతులు కట్టేస్తాను."

"ఏమో... నీకేమనిపిస్తుంది?"

ఆ 'నీకు' అనడానికి అతనికి వానంత సేపు పట్టింది. ఆమె కిటికీ వైపు చూస్తూ, "నాకూ తెలీదు. ఎవరైనా నాతో అంటే తెలుస్తుందేమో," అంది.

అతను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. మేనమామ కళ్ళు మూసుకుని గట్టిగా గురకపెట్టాడు, నిద్ర రాకపోయినా. అయినా ఆ అవకాశం అలాగే తడిసిపోయింది.

*

మరుసటి ఏడు వానలు మొదలవుతుండగా ఆమెకి ఉద్యోగం వచ్చింది. దూరపు నగరంలో పెద్ద వాద్యబృందం. వెళితే ఏళ్ళ తరబడి ఊరూరా తిరగాలి. వెళ్ళకపోతే ఇంట్లో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, అప్పుడప్పుడూ గంగాళం సినిమాకి వాయించుకుంటూ ఉండాలి. సోమవారం పొద్దున్నే జవాబు చెప్పాలి.

శనివారం రిహార్సల్ అయ్యాక ఆమె మెట్ల మీద ఆగింది.

"మూకీ, నన్ను ఉండమంటావా, వెళ్ళమంటావా?"

 మంచి ఉద్యోగం. మాస్టారి జీవితకాలపు కల. ఉండమనడానికి తానెవడు? మిక్సీలు బాగుచేసేవాడు. అలాగని వెళ్ళమనడానికి నోరు రాలేదు.

 ఆమె నవ్వేసింది. ఆ నవ్వులో కాస్త కోపం ఉంది.

"సరే, నోటితో చెప్పకు. నీకొచ్చిన భాషలోనే చెప్పు. రేపు వీడ్కోలు సీనుకి నా పాట మామూలుగా ఒక్కసారి వాయిస్తే సరిపోతుంది కదా. నువ్వు నన్ను ఉండమనాలనుకుంటే, రెగ్యులేటర్ బాగా తగ్గించు. నా పాట రెండుసార్లు పూర్తయ్యేదాకా ఆ మూత పడకూడదు. పడలేదా, నేను ఉండిపోతాను. ముందే పడిపోయిందా, వెళ్ళిపోతాను."

"అంత నెమ్మదిగా నడిపితే దీపం వేడికి ఫిలిం కాలుతుంది."

"కాలేదేదో కాలనీ." ఆమె రెండు మెట్లు దిగి మళ్ళీ ఆగింది. "ఇంకోటి. తర్వాత నువ్వు నన్ను ఏమీ అడక్కూడదు, నేనూ నిన్ను అడగను. మొహమాటాలొద్దు. ఒట్టు?"

అతను తల ఊపాడు. తల ఊపడం అతనికి బాగా వచ్చు.

ఆమె వెళ్ళాక అతను క్యాబిన్లో కూర్చుని మొదటి రీలు విప్పాడు. నెమ్మదిగా నడపాలంటే ఫిలిం గట్టిగా ఉండాలి. వీడ్కోలు సీను దగ్గర అంచుల రంధ్రాలు చిరిగిపోయి ఉన్నాయి. ప్రతిసారీ అక్కడ మెషీన్ కటకటలాడుతుంది. రేపు, అంత నెమ్మదిలో, అక్కడ ఇరుక్కుంటే? ఆమె పాట మధ్యలో ఉండగా ఫిలిం పుటుక్కుమని తెగితే? తెర తెల్లబోయి, జనం ఈలలు వేస్తే? తన జవాబు ఈలల్లో కలిసిపోతే?

కత్తెర తీశాడు. చిరిగిన నాలుగైదు బారల ముక్కని కోసి పక్కన పెట్టాడు. రెండు కొసల్ని గీకి, జిగురు పెట్టి, ఊపిరి బిగబట్టి అతికించాడు. ముక్కని పారేయబుద్ధి కాలేదు. దాంట్లో ఆ అమ్మాయి పెదవులున్నాయి. బిస్కెట్ల రేకుడబ్బాలో చుట్టి దాచాడు.

"ఏరా, ఏం చేస్తున్నావు?" అన్నాడు మూలనుంచి మేనమామ.

"జాయింట్ వేస్తున్నా మామయ్యా. రేపు తెగకూడదు."

"ఎప్పుడూ లేని భయం ఇవాళేంట్రా?"

అతను చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ముసలాయన ఒక్క మాట అడిగేవాడేమో. అంత ముక్క తీసేస్తే సీను పొట్టిది కాదట్రా అని. కానీ మూకీకి ఆ ఆలోచనే తట్టలేదు. ఆపరేటర్‌కి ఫిలిం అంటే తెగుతుందా, తెగదా. వాయించేవాళ్ళకి ఫిలిం అంటే నిడివి. ఇద్దరూ అన్నాళ్ళు ఒకే సినిమాని రెండు రకాలుగా చూశారు.

మర్నాడు హాలు నిండింది. బయట వాన. వీడ్కోలు సీను రాగానే అతను రెగ్యులేటర్‌ని ఎడమవైపు చివరిదాకా తిప్పాడు. ఇంక తిరగదు. మెషీన్ ముసలి గుర్రంలా రొప్పింది. ఫిలిం దగ్గరగా చేతులు పెట్టి, వేడి చూసుకుంటూ, "దేవుడా, కాలనివ్వకు," అనుకుంటూ నిలబడ్డాడు.

కింద ఆమె కళ్ళు మూసుకుంది. చూస్తూ వాయించే ధైర్యం లేకపోయింది. చెవులతోనే తెలుసుకుందామనుకుంది. మూత పడి నౌక లేస్తే జనం చప్పట్లు కొడతారు కదా.

పాట ఒకసారి పూర్తయింది. రెండోసారి ఎత్తుకుంది. నాలుగు స్వరాలు కూడా దాటలేదు.

చప్పట్లు.

ఆమె కమాను తీగల మీదే ఆగిపోయింది.

పైన మెషీన్ హోరులో వయొలిన్ సన్నగా వినిపిస్తూ వినిపిస్తూ, మధ్యలో ఆగిపోవడం అతను విన్నాడు. చూపంతా వేడి ఫిలిం మీదే ఉండటంతో మూత ఎప్పుడు పడిందో అతను గమనించలేదు. తను చేయగలిగిందంతా చేశాడు. ఆమె చూసి కూడా పాట సగంలో వదిలేసింది. అంటే ఉండనంది. అలా అర్థమైంది అతనికి.

రీలు మార్చేటప్పుడు లైట్లు వేస్తారు. అతను తలుపు వైపు చూశాడు. మొదటిరోజులా ధడాలున తెరుచుకుంటుందేమోనని. తెరుచుకోలేదు. రెండో రీలుకి ఆమె వాయించింది, ఒక్క తప్పూ లేకుండా. అతను కిందికి దిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. వరండాలో మాస్టారు గొడుగు విప్పుతున్నారు.

"ఎల్లుండే ప్రయాణమట బాబూ," అన్నారాయన. ఇంకేదో అడగబోయినట్టు నిలబడ్డారు. అతనూ ఏదో చెప్పబోయినట్టు నిలబడ్డాడు. ఒట్టు గుర్తొచ్చింది. ఇద్దరూ వాన వైపు చూశారు.

*

దేవుడు మనిషికి నోరిచ్చాడు. నోటికి తాళం మాత్రం మనిషే చేయించుకుంటాడు. ఆ తాళానికి ఒకడు మర్యాద అని పేరు పెడతాడు, ఒకడు మాటకి కట్టుబడటం అంటాడు. భగవంతుడు పైనుంచి చూస్తూ ఏమనుకుంటాడో. ఆయన చేతిలోనూ ఒక రెగ్యులేటర్ ఉంటుందా? ఉంటే అలాంటి చోట కాస్త తగ్గించకూడదా?

తగ్గించలేదు. ఏళ్ళు మామూలు వేగంతోనే నడిచాయి.

మూకీకి మేనమామ ఎన్నో సంబంధాలు చెప్పాడు. "చూద్దాం మామయ్యా," అనేవాడు. ఆ చూద్దాం ఎప్పుడూ చూశాం కాలేదు. గంగాళం సినిమాకి వయొలిన్ లేక, గ్రామఫోను రికార్డు పెట్టేవారు. ఆ పిల్ల పెదవులు కదలవేమని ఎవరైనా అడిగితే, అక్కడ చిరిగిపోయిందనేవాడు మూకీ. కొన్నాళ్ళకి ఆ సినిమా వెయ్యడమే మానేశారు. మాస్టారు పోయినప్పుడు ఆమె వచ్చి వెళ్ళిందని తెలిసింది. అతను వెళ్ళేసరికి ఇంటికి తాళం ఉంది.

ఆ తర్వాత ఒక విచిత్రం జరిగింది. కాలేజీ పిల్లలెవరో ఆ సినిమా గురించి విని, "ఒక్కసారి వెయ్యండి సార్, దారం కనిపిస్తుందట కదా, చూడాలి," అని గ్రంథాలయం చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. వాళ్ళ బామ్మలు, తాతలు చెప్పి ఉంటారు. నిచ్చెన దగ్గర ఏమందన్న దాని మీద చూడకుండానే పందేలు కట్టుకున్నారు. వాళ్ళలో ఒకడే ఉత్తరం రాసి ఆమెని పిలిపించాడు, ఇప్పుడు పేరున్న విద్వాంసురాలు కదా, మొదట వాయించింది ఇక్కడేనట కదా అని.

శనివారం మధ్యాహ్నం క్యాబిన్ తలుపు మెల్లగా తెరుచుకుంది.

"లోపలికి రావచ్చా?"

కళ్ళజోడు. చెవుల పక్కన కాస్త తెలుపు. చేతిలో కమాను, ఈసారి వాయించడానికే.

"రండి... కూర్చోండి. బాగున్నారా?"

"బాగున్నాను. మీరు?"

'నువ్వు' దాకా నడిచినవాళ్ళు తిరిగి 'మీరు' దగ్గరికి వచ్చారు. అంతకంటే దూరపు ప్రయాణం ఏ గంగాళమూ చేసి ఉండదు.

మూలనున్న కుర్చీలోంచి మేనమామ, చూపు ఆనని కళ్ళు చిట్లించి, "ఎవరమ్మా అది? ఫిడేలా?" అన్నాడు.

"నేనే మామయ్యగారూ."

"హమ్మయ్య. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. వీడు మామయ్యా అంటే తిట్టినట్టు ఉంటుంది."

ఆమె నవ్వింది. రిహార్సల్ మొదలైంది. వీడ్కోలు సీను రాగానే అతని చేయి అలవాటుగా రెగ్యులేటర్‌ని చివరిదాకా తిప్పేసింది. ఎందుకు తిప్పాడో అతనికే తెలియదు. ఆమె వాయిస్తోంది, ఈసారి కళ్ళు తెరిచి. పాట ఒకసారి అయింది. రెండోసారి ఎత్తుకుంది.

మూత పడిపోయింది.

ఆమె కమాను దించేసింది. "అప్పుడూ ఇంతే," అంది మెల్లగా. "సరిగ్గా ఇక్కడే."

"ఎక్కడ?"

"వద్దులెండి. అడక్కూడదని ఒట్టు పెట్టింది నేనేగా."

"రెగ్యులేటర్ చివరిదాకా తిప్పాను," అన్నాడతను. "ఇప్పుడూ, అప్పుడూ. ఇంక తిరగదు. చూడండి."

ఆమె లేచి వచ్చి చూసింది. బిళ్ళని పట్టుకుని తిప్పబోయింది. నిజంగానే తిరగలేదు.

"అప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా. చేతులు కాలాయి. మచ్చ ఉంది."

"మరి మూత ఎందుకు ముందే పడింది? ఇంతకుముందు ఈ సీను పొడుగ్గా ఉండేది. ఆమె చెయ్యి ఎత్తేది. పెదవులు... పెదవులేవి? ఇందాక ఆమె మాట్లాడనే లేదు!"

 అతను గోడ అల్మారా తెరిచి, వెనకనుంచి తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా తీశాడు. మూత తీయగానే పుల్లటి వాసన కొట్టింది. లోపల ఫిలిం ముక్క ముడుచుకుపోయి, ఎండిన తీగలా మెలికలు తిరిగి ఉంది.

"ముందురోజు సాయంత్రం కోశాను. చిరిగిపోయింది. నీ పాట మధ్యలో తెగకూడదని... నువ్వు వాయిస్తుంటే ఆగకూడదని..."

మాట పూర్తికాలేదు. అవసరమూ లేకపోయింది. ఆమె స్టూలు మీద కూలబడింది.

"ఈ రేకుడబ్బాలో ఉందా నా జవాబు? ఇన్నేళ్ళూ?"

"నువ్వు పాట ఆపేశావు. ఉండనన్నావనుకున్నాను."

"నువ్వు వెళ్ళమన్నావనుకున్నాను." ఆమె నవ్వబోయింది, అది నవ్వు కాలేదు. "మా నాన్న పోయేదాకా అడుగుతూనే ఉన్నారు, ఆ అబ్బాయి ఏమన్నాడమ్మా అని. ఏమీ అనలేదు నాన్నా అనేదాన్ని. ఒక సంబంధం దాదాపు కుదిరాక నేనే వద్దన్నాను. ఎందుకని అడిగితే చెప్పడానికి కారణం కూడా లేదు. ఏమని చెప్పను? సినిమా త్వరగా అయిపోయిందని చెప్పనా?"

మేనమామ కుర్చీలోంచి, "నన్నొక్క మాట అడిగి ఉంటే..." అని, తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె ఆ ముక్కని కిటికీ వెలుతురుకి పట్టుకుంది. బొమ్మలు వంకరలు పోయాయి. పెదవులు తెరిచి ఉన్నాయి.

"అతికించగలవా?"

"ముడుచుకుపోయింది. మెషీన్లో నిలవదు." అతను దాని పొడవు కళ్ళతోనే కొలిచాడు. "అంతే నిడివి నల్ల ఫిలిం పెట్టగలను. బొమ్మ ఉండదు. చీకటి ఉంటుంది. నీ పాటకి చోటు సరిపోతుంది."

"అది చాల్లే." వయొలిన్ పెట్టెలో సర్దుకుంటూ, మొహం తిప్పుకుని అంది, "సోమవారం పొద్దున్నే నా బండి."

అంది, ఆగింది. గుమ్మంలో కూడా ఒకసారి ఆగింది.

అతను నల్ల ఫిలిం కొలుస్తూ తల వంచుకున్నాడు. ఆమె మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా ఆగిపోయాక మేనమామ అన్నాడు: "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు అందరూ. నువ్వు ఆకులు కూడా పట్టుకోవురా."

*

ఆదివారం హాల్లో బెంచీలు చాలక పిల్లలు నేల మీద కూర్చున్నారు. కిటికీల అవతల వాన సన్నగా పడుతోంది. మొదట్లో దారం కనిపించగానే కాలేజీ కుర్రాళ్ళు, "అదిగో, అదిగో!" అని కేరింతలు కొట్టారు. దూది నక్షత్రాలకి చప్పట్లు కొట్టారు. తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కరూ ఊరుకున్నారు. ఆ సినిమా ఎప్పుడూ అంతే. ముందు నవ్వనిస్తుంది.

నిచ్చెన వచ్చింది. అతను రెగ్యులేటర్‌ని చివరిదాకా తిప్పాడు. వయొలిన్ మొదలైంది. తెర మీద ఆ అమ్మాయి తలెత్తింది, చెయ్యి కదిపింది, అంతలో తెర నల్లగా అయిపోయింది.

ఈలలు పడతాయనుకున్నాడు. ఒక్కటీ పడలేదు. హాలంతా చీకటి, అందులో ఒక్క పాట. పాట ఒకసారి పూర్తయి, రెండోసారి ఎత్తుకుంది. ఆ చీకట్లో ఎవరి మాట వాళ్ళు వింటున్నారు. ఎవరో ముక్కు చీదారు.

అతని చేయి రెగ్యులేటర్ మీదే ఉంది. అది ఇంక తిరగదు. తిప్పడానికి, కోయడానికి, అతికించడానికి ఇంకేమీ మిగల్లేదు. మిగిలింది నోరొక్కటే. నల్ల ఫిలిం చక్రం మీద కరిగిపోతోంది.

అతను కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"వెళ్ళకు!"

వయొలిన్ ఆగిపోయింది. హాలంతా వెనక్కి తిరిగింది.

"అమ్మా, ఆవిడ మాట్లాడింది!" అంది ఒక చిన్నపిల్ల.

"మగ గొంతే అది," అన్నాడు పక్కనున్న కుర్రాడు.

ఆ రోజు కింద ముందు వరసలో కూర్చున్న మేనమామ కర్ర ఊపుతూ, "మావాడేనండీ! కాస్త ఆలస్యంగా వచ్చాడు. మీరు సినిమా చూడండి!" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు సద్దుమణగకముందే వయొలిన్ మళ్ళీ ఎత్తుకుంది. ఆపిన చోటునుంచే. పాట చివరిదాకా వెళ్ళింది. ఆఖరి స్వరం ఆగుతుండగా బొమ్మ తిరిగి వచ్చింది, మూత పడింది, దారం పట్టుకుని గంగాళం పైకి లేచింది.

లైట్లు వెలిగాయి. అతను రీలు విప్పుతున్నాడు. 

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఇంత గట్టిగా అరవాలా? పరువు తీశావు." ఆమె రొప్పుతోంది. కళ్ళజోడు మీద తడి ఉంది, వాన లోపలికి రాకపోయినా. "అప్పుడైతే ఇంత గొంతు అక్కర్లేదు. మెట్ల మీద మెల్లగా అన్నా వినపడేది."

"తెలుసు." అతను తల ఎత్తి చూశాడు. "ఇప్పుడు?"

 ఆమె తలుపు దగ్గర నిలబడి అతని చెవుల దగ్గరి తెల్ల వెంట్రుకలు చూసింది. తనవి కూడా చేత్తో సర్దుకుంది.

"ఎంత ముక్క పోయింది, మూకీ," అంది.

"చాలా."

"నల్ల ఫిలిం పెట్టి దాన్ని పూడ్చలేం కదూ?"

"లేం."

కింద జనం కాళ్ళు నేలకేసి కొట్టడం మొదలుపెట్టారు. ఆమె స్టూలు మీదున్న రెండో రీలు తీసి అతని చేతికి ఇచ్చింది.

"ఎక్కించు. పాపం అతను అక్కడ నక్షత్రం మీద ఒంటరిగా నిలబడి ఉంటాడు. రేపు పొద్దున్న నాతో స్టేషన్‌కి రా, టిక్కెట్టు రద్దు చేయించాలి. కిటికీ దగ్గర అడగాల్సింది నువ్వే. నీకు మాటలు అలవాటు కావాలి."